మోకాలు వంగుతుంది, చాపుకోదు

కబడ్డీ కూతకు వెళ్లిన 14 ఏళ్ల కుర్రాడి కాలు ఎదుటివాళ్ల పట్టులో మెలితిరుగుతుంది. లోపల ఏదో టక్కుమంటుంది. లేచి నిలబడబోతే మడమ నేలకు ఆనదు. మోకాలు వంగుతుంది, కావాలంటే ఇంకాస్త కూడా వంగుతుంది. చాపబోతే మాత్రం ఇరవై ముప్పై డిగ్రీలు మిగిలి ఉండగానే ఆగిపోతుంది. చుట్టూ చేరినవాళ్లలో ఒకరు మోకాలి మీద చెయ్యి ఆనించి, పాదం పట్టుకుని లాగడానికి సిద్ధపడతారు. ఇంటికి తీసుకొస్తే నూనె వెచ్చజేసి మర్దన మొదలుపెడతారు. బిడ్డ మీద ప్రేమతో చేసే ఈ రెండు పనులూ ఆ సమయంలో చేయకూడనివే. తలుపు బందు దగ్గర గులకరాయి ఇరుక్కుంటే, తలుపును బలంగా తోసినందువల్ల రాయి బయటికి రాదు, బందే వంగుతుంది.

మనవాళ్లు 'మోకాలు పట్టేసింది' అనేదాన్ని వైద్యులు 'లాక్డ్ నీ' అంటారు. ఇందులో రెండు రకాలున్నాయి. ఒకటి, కీలు మధ్యలోకి నిజంగానే ఏదో వచ్చి అడ్డుపడటం. రెండోది, అడ్డేమీ లేకపోయినా నొప్పికి తొడ వెనక కండరాలు బిర్రబిగుసుకుని కాలును చాపనివ్వకపోవడం. దెబ్బ తగిలి కీలులో రక్తమో నీరో చేరినప్పుడు మోకాలు కాస్త వంగి ఉంటేనే లోపల చోటు ఎక్కువ దొరుకుతుంది. అందుకే పిల్లలు తమకు తెలియకుండానే కాలును అలా వంచి పెట్టుకుంటారు. రెండో రకానికి నాలుగైదు రోజుల విశ్రాంతి, ఐసు, నొప్పి మాత్రలు చాలాసార్లు సరిపోతాయి. నొప్పి తగ్గేకొద్దీ కాలు దానంతటదే చాపుకుంటుంది. మొదటి రకం విశ్రాంతితో తగ్గదు. అడ్డు తొలగితేనే కాలు కదులుతుంది.

ఈ తేడా పట్టుకోవడానికి ముందు కావలసింది యంత్రం కాదు, ఓపికగా అడిగే మనిషి. దెబ్బ తగిలిన క్షణంలో పాదం నేలకు పాతుకుని ఉండగా ఒళ్లు తిరిగిందా? చిప్ప పక్కకు జారినట్టు అనిపించిందా? వాపు ఎంతసేపటికి వచ్చింది? గంట రెండు గంటల్లోనే మోకాలు బుంగలా ఉబ్బితే లోపల రక్తం చేరిందని అర్థం. అంటే ఎముకలను కలిపి ఉంచే లిగమెంటో, ఎముక ముక్కో, నెత్తురు పారే చోట చిరిగిన మెనిస్కస్సో (కీలు మధ్య ఉండే మెత్తటి పట్టీ) కారణమై ఉండాలి. మర్నాటికి మెల్లగా వచ్చే వాపు సాధారణంగా నీరు. ఆ తరవాత పరీక్ష. పిల్లవాణ్ణి మంచం మీద బోర్లా పడుకోబెట్టి, మోకాళ్ల నుంచి కిందిభాగం మంచం అంచు దాటి వేలాడేలా వదిలేస్తే రెండు మడమలూ ఒకే ఎత్తులో ఉండాలి. పట్టేసిన వైపు మడమ పైకి లేచి ఉంటుంది. మడమల ఎత్తులో ఒక సెంటీమీటరు తేడా ఉంటే చాపడంలో సుమారు ఒక డిగ్రీ లోటు ఉన్నట్టు. రెండో కాలితో పోల్చి చూడటం ఎందుకంటే, చాలామంది పిల్లలకు, ముఖ్యంగా ఆడపిల్లలకు, మోకాలు నిటారును దాటి కొద్దిగా వెనక్కి కూడా వెళుతుంది. అలాంటి పిల్లకు కాలు తిన్నగా వచ్చి ఆగిపోవడం కూడా లోటే. తొందరలో చూసే కంటికి అది ఆనదు.

ఇంతకీ అడ్డుపడేదేమిటి? ఎక్కువసార్లు దోషి మెనిస్కస్. తొడ ఎముకకూ కింది కాలి ఎముకకూ మధ్య, లోపలి వైపొకటి బయటి వైపొకటి, నెలవంక ఆకారంలో రెండు మెత్తటి పట్టీలుంటాయి. వాడుకలో 'గుజ్జు' అని అన్నిటినీ కలిపి చెప్పేస్తాం గానీ, ఎముకల చివర్లకు అతుక్కుని ఉండే నున్నటి మృదులాస్థి వేరు, ఈ నెలవంకలు వేరు. కాలు చాపి నిలబడినప్పుడు మోకాలి మీద పడే బరువులో దాదాపు సగం వీటి మీదుగానే కిందికి దిగుతుంది. 90 డిగ్రీలు వంచితే ఆ వాటా సుమారు 85 శాతానికి చేరుతుంది. గొంతుకూర్చున్నప్పుడు, బాసింపట్టు వేసుకున్నప్పుడు, మెట్లు దిగుతున్నప్పుడు మోకాలిని కాపాడేవి ఇవే.

మోకాలు వంగి ఉండగా బరువుతో మెలితిరిగితే నెలవంక నిలువునా, తన వంపు వెంటే చిరుగుతుంది. చిరుగు పొడవుగా ఉంటే లోపలి అంచు విడివడి, రెండు కొసల దగ్గర మాత్రం అతుక్కుని, కీలు మధ్యలోకి దొర్లుతుంది. బకెట్ పిడిలా కనిపిస్తుంది గనక దీనికి 'బకెట్ హ్యాండిల్ టేర్' అని పేరు. ఆ పిడి తొడ ఎముక ముందు ఇరుక్కున్నాక కాలు చాపడం కుదరదు. ఒక్కోసారి పిల్లవాడు కాలు అటూ ఇటూ తిప్పగానే అది వెనక్కి జారి మోకాలు విడిపోతుంది. ఇంట్లోవాళ్లు హమ్మయ్య అనుకుంటారు. కానీ చిరుగు మాత్రం అలాగే ఉంటుంది. నెల తరవాత బస్సు దిగుతుంటేనో, నమాజులో కూర్చుని లేస్తుంటేనో మళ్లీ పట్టేస్తుంది.

దెబ్బే తగలకుండా పట్టేసే మోకాళ్లు కూడా ఉన్నాయి. కొందరు పిల్లలకు పుట్టుకతోనే బయటి వైపు మెనిస్కస్ నెలవంకలా కాకుండా నిండు చంద్రుడిలా, మందంగా ఉంటుంది. దీన్ని డిస్కాయిడ్ మెనిస్కస్ అంటారు. ఆసియా దేశాల పిల్లల్లో ఇది ఎక్కువ. ఐదారేళ్ల వయసు నుంచే మోకాలు వంచి చాపినప్పుడల్లా 'టక్' మని శబ్దం వస్తుంటుంది. నొప్పి లేదు కదా అని ఎవరూ పట్టించుకోరు. పదో పన్నెండో ఏళ్లకు ఆ మందపాటి పట్టీ చిరిగి, కాలు చాపుకోవడం ఆగిపోతుంది. కొందరికి రెండు కాళ్లలోనూ ఇదే ఉంటుంది గనక రెండో మోకాలిని కూడా పరీక్షించాలి. ఒకప్పుడు దీన్ని మొత్తంగా తీసేసేవారు. ఇప్పుడు మధ్యభాగం చెక్కి, అంచున ఆరు నుంచి ఎనిమిది మిల్లీమీటర్ల పట్టీ మిగిల్చి, చిరుగుంటే కుడతారు. శబ్దం మాత్రమే ఉండి నొప్పి, పట్టేయడం లేని పిల్లలకు ఆపరేషన్ అక్కర్లేదు. ఇది గట్టిగా చెప్పవలసిన మాట. ఎమ్మారైలో కనిపించిందల్లా కత్తికి అప్పగించనక్కర్లేదు.

పదేళ్లకూ ఇరవయ్యేళ్లకూ మధ్య కనిపించే మరో సమస్య ఆస్టియోకాండ్రైటిస్ డిసెకన్స్. 1887లో జర్మన్ సర్జన్ ఫ్రాంజ్ కోనిగ్ పెట్టిన పేరిది. తొడ ఎముక చివర, మృదులాస్థి కింద ఒక చిన్న చోట ఎముకకు రక్తం సరిగా అందక ఆ ముక్క బలహీనపడుతుంది. ఎముక ఇంకా పెరుగుతున్న వయసులో దొరికితే, ఆటలు మాన్పించి కొన్ని నెలలు ఆగితే చాలామందికి అతుక్కుంటుంది. పట్టించుకోకపోతే ముక్క ఊడి కీలులో తిరుగుతుంది. ఈరోజు ఇక్కడ పట్టేస్తుంది, రేపు మరోచోట. 'మోకాల్లో ఏదో కదులుతోంది' అని పిల్లలే చెబుతారు. నమ్మండి.

సైకిల్ మీంచి పడ్డ ఎనిమిది నుంచి పద్నాలుగేళ్ల పిల్లల్లో ఇంకో రకం దెబ్బ ఉంటుంది. పెద్దవాళ్లలో తెగిపోయే ఏసీఎల్ లిగమెంట్, పిల్లల్లో చాలాసార్లు తెగకుండా తాను అతుక్కున్న ఎముక ముక్కనే పెళ్లగిస్తుంది. పైకి లేచిన ఆ ముక్కా, దాని కింద ఇరుక్కున్న మెనిస్కస్ కొసా కాలును చాపనివ్వవు. ముక్క ఎంత లేచిందో చూసి రకాలుగా విభజించే పద్ధతిని 1959లో మెయర్స్, మెకీవర్ చెప్పారు. నేటికీ అదే వాడుకలో ఉంది. లేవని ముక్కకు కట్టు చాలు, పూర్తిగా లేచినదాన్ని కూర్చోబెట్టి దారంతోనో స్క్రూతోనో బిగించాలి. ఇక చిప్ప పక్కకు జారి తిరిగి చోటికి వచ్చేటప్పుడు మృదులాస్థి ముక్క తెగిపడటం కౌమారంలో, ముఖ్యంగా ఆడపిల్లల్లో, తరచు చూసేదే. చిప్ప మళ్లీ చోటికి చేరిపోయింది గనక అంతా బాగానే ఉందనుకుంటారు. తెగిన ముక్క కొత్తగా ఉన్నప్పుడే తిరిగి అమర్చగలరు. నెలలు గడిస్తే అది ఉబ్బి, ఆకారం మారి, పారేయడం తప్ప మార్గం ఉండదు.

ఇక్కడ ఆగి, మోకాలిది తప్పు కాని సందర్భాలు చెప్పాలి. ఎదిగే పిల్లల్లో తొడ ఎముక పైకొన, తుంటి కీలు దగ్గర, పెరుగుదల పొర మీంచి జారిపోయే జబ్బు ఒకటుంది. బరువు ఎక్కువ ఉన్న పిల్లల్లో మరీ. నొప్పి మాత్రం మోకాలిలో చెబుతారు. మోకాలికి ఎక్స్‌రే తీస్తే మామూలుగా ఉంటుంది, తుంటి లోలోపల పాడైపోతూ ఉంటుంది. అందుకే మోకాలు నొప్పి అన్న ప్రతి పిల్లవాడికీ తుంటి తిప్పి చూడాలి. జ్వరంతో పాటు మోకాలు వేడెక్కి, ముట్టుకోనివ్వకపోతే కీలులో చీము పట్టి ఉండొచ్చు. అది ఆ రాత్రికే ఆసుపత్రికి పరుగెత్తాల్సిన అత్యవసరం. దెబ్బ లేకుండా రాత్రిళ్లు నిద్ర చెడగొట్టే నొప్పి, మోకాలికి కాస్త పైన గట్టి వాపు ఉంటే ఎముక కణితిని కొట్టిపారేయకూడదు. కౌమారంలో వచ్చే ఎముక క్యాన్సర్ ఆస్టియోసార్కోమా ఎక్కువగా పుట్టేది తొడ ఎముక కిందికొనలోనే. ఏమీ తేలకముందే నూనె మర్దన వద్దనడానికి ఇదొక పెద్ద కారణం. చిన్న దెబ్బకే మోకాలు రక్తంతో నిండే మగపిల్లవాడికి హీమోఫీలియా ఉందేమో చూడకుండా సూది గుచ్చకూడదు.

ఎక్స్‌రే చవక, చాలా ఊళ్లలో దొరుకుతుంది, మొదట అదే తీయాలి. ముందునుంచి, పక్కనుంచి తీసిన రెండూ చాలవు. మోకాలు వంచి ఎముకల మధ్య సందు కనిపించేలా ఒకటి, చిప్పకు ఒకటి తీస్తేనే ఊడిన ముక్కలు దొరుకుతాయి. మెనిస్కస్ ఎక్స్‌రేలో కనిపించదు. 'ఎక్స్‌రే బాగానే ఉంది' అన్న మాటకు అర్థం ఎముక విరగలేదని మాత్రమే. కాలు చాపుకోని పిల్లవాణ్ణి ఆ మాట చెప్పి ఇంటికి పంపడం అన్యాయం. ఎమ్మారైలో రేడియేషన్ ఉండదు, మెనిస్కస్, లిగమెంట్, మృదులాస్థి మూడూ కనిపిస్తాయి. కానీ చిన్నపిల్లల మెనిస్కస్‌లో రక్తనాళాలు ఎక్కువ గనక వాటి జాడే చిరుగులా కనబడి మోసం చేసే వీలుంది. ఫిల్మును పిల్లవాడితో కలిపి చదవాలి. వాపు మరీ ఎక్కువైతే సూదితో రక్తం తీస్తారు. నొప్పి తగ్గడమే కాక, తీసిన రక్తం మీద నూనె చుక్కల్లాంటివి తేలితే లోపల ఎముక చిట్లిందని తెలిసిపోతుంది. ఎముక మూలుగలోని కొవ్వు అది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఇరుక్కున్న మెనిస్కస్‌ను ఏం చేయాలి? ఈ ప్రశ్నకు జవాబు రెండు వందల ఏళ్లలో పూర్తిగా తలకిందులైంది. 1803లో ఇంగ్లండులోని లీడ్స్ సర్జన్ విలియం హే పట్టేసిన మోకాలి గురించి వివరంగా రాశాడు. 1883లో ఎడిన్‌బరోలో థామస్ ఆనన్‌డేల్, ఒక బొగ్గుగని కార్మికుడి మోకాలు తెరిచి, ఊడిన మెనిస్కస్‌ను తిరిగి కుట్టేశాడు. ఆ దారిలోనే వైద్యం నడిచి ఉంటే ఎన్ని మోకాళ్లు మిగిలేవో! కానీ 1897లో బ్లాండ్ సటన్ అనే పేరున్న సర్జన్, మెనిస్కస్ ఏ పనికీ రాని కండరాల అవశేషమని రాశాడు. ఆ నమ్మకం తరాల పాటు నిలిచింది. చిరిగితే చాలు, మొత్తం తీసేయడమే వైద్యమైంది. పిల్లలకూ అదే. వారాల్లో లేచి నడుస్తారు, అందరూ సంతోషిస్తారు. 1948లో ఫెయిర్‌బ్యాంక్ అనే బ్రిటిష్ వైద్యుడు అలా తీసేసిన మోకాళ్ల ఎక్స్‌రేలు వరుసగా పరిశీలించి, ఎముక అంచులు పెరగడం, సందు తగ్గడం, ఎముక చదునుబారడం గమనించాడు. పనికిరానిదన్న పట్టీ బరువు మోస్తోందని అతని రాతతో బయటపడింది. తీసేస్తే ఎముక మీద పడే ఒత్తిడి రెండింతలు దాటుతుందని తరవాతి ప్రయోగాలు తేల్చాయి. పదిహేనేళ్లకు మెనిస్కస్ పోగొట్టుకున్న పిల్లవాడు, ఇంకా సంపాదించే వయసులోనే అరిగిన మోకాలితో మిగులుతాడు.

దారి మళ్లించినవాళ్లు జపాన్ వైద్యులు. వాళ్లు కూడా మనలాగే నేల మీద కూర్చునేవాళ్లు. క్షయతో మోకాళ్లు బిగుసుకుపోయి మోకరిల్లలేకపోతున్న రోగుల బాధ చూసి, కీలును కోయకుండా లోపలికి చూడాలని టోక్యోలో కెన్జీ టకాగి 1918లో మూత్రాశయం చూసే గొట్టాన్నే ఒక శవం మోకాల్లోకి పంపి చూశాడు. ఆయన శిష్యుడు మసాకీ వటనబే పనికొచ్చే ఆర్థ్రోస్కోప్‌ను తయారుచేసి, 1962లో దానితోనే చిరిగిన ముక్క మాత్రం తీసిన తొలి ఆపరేషన్ చేశాడు. ఆ రోగి బాస్కెట్‌బాల్ ఆడుతూ మోకాలు మెలితిప్పుకున్న 17 ఏళ్ల కుర్రాడు. 1969లో హిరోషి ఇకేయూచి అదే గొట్టం గుండా మెనిస్కస్‌ను కుట్టాడు. ఆనన్‌డేల్ కుట్టుకు వారసులు దొరికేసరికి 86 ఏళ్లు పట్టింది.

కుట్టు ఎక్కడ అతుకుతుంది అన్నది రక్తాన్ని బట్టి ఉంటుంది. 1982లో ఆర్నోజ్కీ, వారెన్ పెద్దవాళ్ల మెనిస్కస్‌లో బయటి అంచున 10 నుంచి 30 శాతం మేరకే రక్తనాళాలున్నాయని చూపించారు. పుట్టినప్పుడు మెనిస్కస్ అంతటా నెత్తురు పారుతుంది, పదేళ్లు వచ్చేసరికి పెద్దవాళ్ల స్థితికి చేరువవుతుంది. అయినా ఎదిగే ఒంటికి అతికే గుణం ఎక్కువ గనక, పెద్దవాళ్లలో కుట్టడానికి వెనకాడే చిరుగులను కూడా పిల్లల్లో కుట్టి చూస్తారు. కుట్టిన ప్రతిదీ అతుకుతుందని చెప్పను. కొన్ని మళ్లీ చిరుగుతాయి, రెండో ఆపరేషన్ కావాల్సి వస్తుంది. ఆ నష్టభయం ఉన్నా సరే, కౌమారంలో కుట్టడమే సరైన పని అని నా అభిప్రాయం. తీసేసినదాన్ని తిరిగి తెచ్చుకోలేం.

తొందర ఎందుకంటే, ఇరుక్కున్న పిడి ప్రతి అడుగుకూ ఎముకల మధ్య నలుగుతుంది. మొదటి రెండు మూడు వారాల్లో అయితే తిరిగి చోటికి జరిపి కుట్టగల ముక్క, నెలలు గడిస్తే పీచులుగా విడిపోయి వంకర తిరుగుతుంది. ఈలోగా తొడ కండరం సన్నబడుతుంది, కీలు వెనక పొర కుదించుకుపోతుంది. పుత్తూరు కట్టు పేరు వినని తెలుగు ఇల్లు అరుదు. ఎముక విరిగితే అక్కడికే పరుగెత్తే కుటుంబాలు ఉన్నాయి. కానీ చాపుకోని మోకాలిలో సమస్య చాలాసార్లు ఎముకది కాదు, లోపల ఇరుక్కున్నదానిది. పైన కట్టే ఏ కట్టూ దాన్ని చోటికి జరపలేదు. వారాలు మాత్రం కరిగిపోతాయి.

ఆపరేషన్ గంటో రెండు గంటలో. అసలు పరీక్ష ఆ తరవాత ఇంట్లో. కుట్టిన మోకాలిని మొదటి ఆరు వారాలు 90 డిగ్రీలకు మించి వంచనివ్వరు, చంకకర్రలు, బ్రేస్ ఉంటాయి. బరువు ఎప్పుడు మోపాలన్నది చిరుగును బట్టి సర్జన్ చెబుతారు. గొంతుకూర్చోవడం దాదాపు నాలుగు నెలలు కూడదు. మన ఇళ్లలో ఇది చిన్న విషయం కాదు. నేల మరుగుదొడ్డి ఉన్న ఇంట్లో కమోడ్ కుర్చీ ముందే ఏర్పాటు చేసుకోవాలి. బడిలో మధ్యాహ్న భోజనానికి నేల మీద కాకుండా బల్ల మీద కూర్చోబెట్టమని హెడ్మాస్టరుకు చెప్పాలి. పూజలో, ప్రార్థనలో కుర్చీ వేయాలి. తొడ కండరాన్ని బిగించే వ్యాయామం ఆపరేషన్ మర్నాటి నుంచే మొదలవుతుంది. ఫిజియోథెరపీకి రోజూ పట్నం వెళ్లలేని కుటుంబం ఆ వ్యాయామాలను ఫోన్‌లో వీడియో తీయించుకుని ఇంటి దగ్గర చేయించవచ్చు. తిరిగి మైదానంలోకి దిగడానికి ఐదారు నెలలు పడుతుంది. నొప్పి లేదు కదా అని మూడో నెలలోనే మండల పోటీలకు పంపితే కుట్టు తెగుతుంది. ఆరోగ్యశ్రీ లేదా ఎన్టీఆర్ వైద్యసేవ కార్డున్నవాళ్లు, తమ ఆపరేషన్‌కు అది వర్తిస్తుందో లేదో చేరేముందే ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడిగి తెలుసుకోవాలి.

పీఈటీ మాస్టార్లకూ అమ్మానాన్నలకూ నా విన్నపం ఇది. మోకాలు చాపుకోకపోతే లాగొద్దు, పిల్లవాణ్ణి నడిపించొద్దు. ఉన్న వంపులోనే కింద దిండు పెట్టి, గుడ్డలో చుట్టిన ఐసు ఆనించి, వారం దాటకుండా ఎముకల డాక్టరుకు చూపించండి. ఆపరేషన్ కాగితం మీద సంతకం చేసేముందు సర్జన్‌ను ఒక్కమాట అడగండి: 'దీన్ని కుట్టగలరా? కుట్టలేకపోతే ఎందుకని?' ఆ ప్రశ్నకు ఓపికగా జవాబు చెప్పేవారికే బిడ్డ మోకాలిని అప్పగించండి.